ఈస్టు కణంలో ఇనుము పద్దు

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ పేరు వినగానే ఇరు రాష్ట్రాల వారికీ గోదావరిపై ఉన్న 14 గేట్లు గుర్తుకు వస్తాయి. జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు ఆ గేట్లు ఎత్తి ఉంచాలనీ, మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు వదలాలనీ 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కంటికి కనబడని ఈస్టు కణానికి కూడా ఇటువంటి ద్వారాలు ఉన్నాయి. అక్కడ పారేది నీరు కాదు, ఇనుము. కణం తేదీని చూడదు. లోపల ఇనుము ఎంత ఉన్నదో గ్రహించి ద్వారం తెరుస్తుంది, మూస్తుంది.

ఈస్టు ఏకకణ శిలీంధ్రం. ఈత, తాటి చెట్ల తీపి నీరు కల్లుగా మారడానికీ, రొట్టె పిండి పొంగడానికీ ప్రధాన కారణం శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్టు జాతి. దాని కణంలో సుమారు 6000 జన్యువులు ఉన్నాయి. కణకేంద్రకం గల జీవులలో జన్యుక్రమాన్ని మొట్టమొదట సంపూర్ణంగా నిర్ణయించినది దీనికే; అది 1996లో జరిగింది.

ప్రాణాధారమే ప్రమాదకారి

శ్వాసక్రియకు, డి.ఎన్.ఎ. నిర్మాణానికి ఇనుము తప్పనిసరి. ఒక ఎలక్ట్రాన్‌ను సులభంగా ఇచ్చి పుచ్చుకోగలగడమే దాని ప్రత్యేకత. ప్రమాదం కూడా ఆ గుణంలోనే ఉన్నది. శ్వాసక్రియలో కొద్దిగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, స్వేచ్ఛగా ఉన్న ఇనుముతో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన పదార్థం ఏర్పడుతుంది. అది కొవ్వులను, ప్రోటీన్లను, డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది. ఈ చర్యకు మూలమైన పరిశీలనను ఫెంటన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త 1894లో ప్రకటించాడు. ఇటువంటి దాడి కణం రక్షణశక్తిని మించిపోవడమే ఆక్సీకరణ ఒత్తిడి.

కరువులో, సమృద్ధిలో

గాలి తగిలే నీటిలో ఇనుము తుప్పు రూపంలో ఉండి సులభంగా కరగదు. అందువల్ల ఈస్టు ముందుగా కణం ఉపరితలం మీది ఎంజైములతో దానిని కరిగే రూపానికి మారుస్తుంది. తరువాత ఫెట్3, ఎఫ్‌టిఆర్1 అనే జంట ప్రోటీన్లు దానిని లోపలికి చేరుస్తాయి. ఫెట్3 పనిచేయడానికి రాగి అవసరం. కనుక రాగి కొరత ఏర్పడితే ఇనుము కొరత కూడా వెంటాడుతుంది.

ఈ ద్వారాల అధికారి ఆఫ్ట్1 అనే ప్రోటీన్. ఇనుము తగ్గినప్పుడు అది కేంద్రకంలో చేరి, ఇనుమును సేకరించే జన్యువులను మేల్కొలుపుతుంది. అదే సమయంలో సిటిహెచ్2 అనే ప్రోటీన్, ఇనుమును ఎక్కువగా వాడుకొనే ప్రోటీన్ల తయారీని తగ్గించి పొదుపు పాటింపజేస్తుంది. మైటోకాండ్రియాలో తయారయ్యే ఇనుము-గంధకపు సముదాయాలు సరిపడా ఉంటే, ఆ సంకేతంతో ఆఫ్ట్1 విరమిస్తుంది. ఇనుము మితిమీరితే యాప్5 అనే ప్రోటీన్ సిసిసి1 ఉత్పత్తిని పెంచుతుంది. ఈ సిసిసి1 మిగులు ఇనుమును రిక్తిక అనే సంచిలోకి పంపి భద్రపరుస్తుంది.

పెరాక్సైడ్ పెరిగినప్పుడు యాప్1 అనే మరొక ప్రోటీన్ రంగంలోకి దిగుతుంది. మామూలుగా అది కేంద్రకంలో నిలువదు. పెరాక్సైడ్ తాకిడికి దాని ఆకృతి మారి, అక్కడే నిలిచిపోయి, థయోరెడాక్సిన్, గ్లూటథయోన్ వంటి రక్షక వ్యవస్థలను బలపరుస్తుంది.

అదుపు తప్పితే

ఫ్రీడ్రైక్ అటాక్సియా అనే వంశపారంపర్య వ్యాధి నరాలను, గుండెను దెబ్బతీస్తుంది. దానికి కారణమైన ఫ్రటాక్సిన్ జన్యువును 1996లో గుర్తించారు. ఈస్టులో దానికి సమానమైన జన్యువును తొలగిస్తే మైటోకాండ్రియాలో ఇనుము పేరుకుపోతుందని 1997లో తేలింది. మనిషి వ్యాధి స్వభావం తెలియడానికి ఈస్టు దారి చూపింది.

హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. పరిశోధన సంస్థలో రూపిందర్ కౌర్ బృందం ఈ విషయాన్ని మరొక ఈస్టులో పరిశీలించింది. అది కాండిడా గ్లాబ్రాటా. కల్లు ఈస్టుకు దగ్గరి బంధువైనా, రోగనిరోధక శక్తి తగ్గినవారి రక్తంలో చేరితే ప్రాణాంతకం కాగలదు. శరీరం ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ వంటి ప్రోటీన్లకు కట్టివేసి, సూక్ష్మజీవులకు దొరకకుండా చేస్తుంది. ఇనుముతో సంబంధం ఉన్న ప్రోటీన్లను తొలగించిన 13 ఈస్టు రకాలను ఆ బృందం పరీక్షించింది. ఫెట్3, ఎఫ్‌టిఆర్1 తరహా సేకరణ వ్యవస్థ లేని ఈస్టు ఇనుము కొరతలోనూ, జీవి శరీరంలోనూ సరిగా పెరగలేకపోయిందని 2014లో ప్రకటించింది. ఇనుము అధికమైనప్పుడు హాగ్1 అనే సంకేత ప్రోటీన్ అవసరమని ఆ బృందమే 2015లో తెలిపింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో, అధిక ప్రాధాన్య వర్గంలో, ఈ ఈస్టు చేరింది. ఇది అజోల్ తరగతి మందులకు సులభంగా లొంగదు. అందుకే దాని ఇనుము ద్వారాలను మూసే మార్గం దొరికితే చికిత్సకు అది విలువైన ఆధారం కాగలదు.

దీనిని బట్టి ఇనుము హానికరమని భావించి, రక్తహీనతకు వైద్యులు రాసిన మాత్రలను మానరాదు. మానవ శరీరానికి కూడా ద్వారపాలన ఉన్నది. కాలేయం స్రవించే హెప్సిడిన్ అనే హార్మోన్, ఆహారం నుండి రక్తంలోకి చేరే ఇనుమును అదుపు చేస్తుంది. అణువుల పేర్లు వేరైనా, ఈస్టుకూ మనిషికీ సూత్రం ఒకటే: ఇనుము లేనిదే బ్రతుకు లేదు, అదుపు లేని ఇనుముతోనూ బ్రతుకు లేదు.