ఏరు దాటించిన తెప్ప

జేక్వెరీ పేరెత్తితే ఈమధ్య కుర్రకారు మొహం అదోలా పెడుతున్నారు. "ఇంకా అదేనా సార్?" అని. కొత్త ప్రాజెక్టుకి అది అక్కర్లేదన్నమాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎందుకు అక్కర్లేకుండా పోయిందో తెలిస్తే ఆ వెటకారం కాస్త తగ్గుతుంది.

1998లో డబ్ల్యూ3సీ వాళ్ళు డామ్ మొదటి స్థాయి ప్రమాణం ఇచ్చారు. వెబ్ పేజీని ఒక చెట్టులా చూసి, కొమ్మల్ని పట్టుకుని మార్చుకోవచ్చన్న ఆలోచన బ్రహ్మాండమైనదే. చిక్కల్లా దాన్ని ఏ భాషకైనా సరిపోయేలా రాయడంలో వచ్చింది. జావాకీ అదే, జావాస్క్రిప్టుకీ అదే! మొదటి బిడ్డ, ఆ బిడ్డ పక్క తోబుట్టువు అంటూ వంశవృక్షం పట్టుకుని తిరగాలి. పోనీ తిరిగినా, రెండు ట్యాగుల మధ్య ఖాళీ జాగాని ఫైర్‌ఫాక్స్ ఒక నోడ్‌గా లెక్కేసేది, పాత ఐఈ వదిలేసేది. క్లిక్ పట్టుకోడానికి డబ్ల్యూ3సీ 2000లో చెప్పిన పద్ధతిని ఐఈ 2011లో, తొమ్మిదో వెర్షన్‌లోగానీ నేర్చుకోలేదు. అందాకా ప్రతి పనికీ రెండు రకాల కోడు.

2006 జనవరిలో న్యూయార్క్ బార్‌క్యాంప్‌లో జాన్ రెసిగ్ జేక్వెరీని బయటపెట్టాడు. అప్పటికే ప్రోటోటైప్ ఉంది. సీఎస్ఎస్ సెలెక్టర్లతో వెతకడమూ కొత్త కాదు, డీన్ ఎడ్వర్డ్స్ అంతకుముందే చేశాడు. మరి ఇతని గొప్పేంటి? "వెతుకు, దొరికినవాటికి ఈ పని చెయ్యి" అన్నదే మొత్తం లైబ్రరీకి పునాదిగా పెట్టాడు. ఒకటి దొరికినా వంద దొరికినా కోడు ఒకటే, లూపు మనం రాయక్కర్లేదు. ఏమీ దొరక్కపోతే? ఏమీ జరగదు, ఎర్రర్ రాదు. ఒక పని వెనక ఇంకో పని గొలుసులా తగిలించొచ్చు. సీఎస్ఎస్ మాత్రమే తెలిసిన డిజైనర్ కూడా సాయంత్రానికల్లా మెనూ ఆడించేసేవాడు. 2008లో మైక్రోసాఫ్టే దీన్ని విజువల్ స్టూడియోతో ఇస్తామంది.

తర్వాత బ్రౌజర్లే మారాయి. సెలెక్టర్‌తో వెతకడం 2009లో ఐఈ8కి కూడా సొంతంగా వచ్చింది. జేక్వెరీలో ఉన్న "క్లోజెస్ట్" అదే పేరుతో డామ్‌లోకి చేరింది. 2018లో గిట్‌హబ్ తన సైటు నుంచి జేక్వెరీని తీసేసింది, 2021లో బూట్‌స్ట్రాప్ 5 వదిలేసింది, 2022లో ఐఈ11కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసింది.

ఒక్కటి మాత్రం బ్రౌజర్లు తీసుకోలేదు. క్వెరీసెలెక్టర్‌కి ఏమీ దొరక్కపోతే నల్ ఇస్తుంది, చూసుకోకుండా తర్వాతి అడుగేస్తే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. తప్పు వెంటనే బయటపడటం మంచిదేగా అంటారా? నిజమే, జేక్వెరీ మౌనం వల్ల స్పెల్లింగు తప్పు కోసం గంటలు వెతుక్కున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఉండొచ్చు, లేకపోవచ్చు అన్న ఎలిమెంట్లతోనే పేజీలు నడుస్తాయి. అక్కడ ఆ మౌనమే సుఖం.

జేక్వెరీ ఓడిపోయిందనేవాళ్ళతో నాకు పేచీ అందుకే. అది చెప్పిన పద్ధతిలో చాలాభాగం ప్రమాణమైపోయాకే దాని అవసరం తీరింది. ఒక లైబ్రరీకి ఇంతకన్నా గెలుపేముంటుంది? తెప్ప దిగి నడవండి, తప్పులేదు. తగలేయడం దేనికి?