పద్నాలుగు సీట్ల లెక్క

భారత రాజ్యాంగానికి జరిగిన మొట్టమొదటి సవరణకు దారితీసిన వివాదాల్లో ఒకటి మెడికల్ కాలేజీ సీటు గురించి. వైద్యుడు కాగోరే విద్యార్థిని ఏ కొలమానంతో ఎంపిక చేయాలన్న ప్రశ్న ఈ దేశ రాజకీయాల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో 1951 నాటి ఆ ఉదంతం చెబుతుంది.

విశాఖపట్నం, గుంటూరు వైద్య కళాశాలలు కూడా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివే. ప్రవేశాలకు ప్రాతిపదిక కమ్యూనల్ జీవో. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1 చొప్పున పంచేవారు. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ దీన్ని సవాలు చేశారు. మద్రాసు హైకోర్టు, ఆపై 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆమె వాదనను సమర్థించాయి. నిజానికి ఆమె కళాశాలకు దరఖాస్తే చేయలేదు. ఆ సంగతిని సుప్రీంకోర్టు తీర్పే నమోదు చేసింది. అయినా జీవో చెల్లకుండా పోయింది. మూడు నెలలు తిరగకముందే నెహ్రూ ప్రభుత్వం రాజ్యాంగాన్ని సవరించి, 15(4) అధికరణం ద్వారా వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని రాజ్యాలకు కల్పించింది.

ఆ సవరణతో సీట్ల పంపకానికి రాజ్యాంగ ఆసరా దొరికింది. కానీ ఒక్కో వర్గంలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది తేల్చే కొలమానం మాత్రం తగవుగానే మిగిలింది. తమిళనాడు 1984లో ప్రవేశపరీక్ష పెట్టింది. అది కోచింగ్ స్థోమత ఉన్న నగర విద్యార్థులకే మేలు చేస్తోందన్న విమర్శ బలపడటంతో 2006లో చట్టం చేసి దాన్ని రద్దు చేసి, ప్లస్ టూ మార్కులనే ఆధారం చేసుకుంది.

ఢిల్లీ ఎదురుదారిలో నడిచింది. ప్రైవేటు కళాశాలలు వేటికవే పరీక్షలు పెట్టుకోవడం, క్యాపిటేషన్ ఫీజుల దందా ఒకే జాతీయ పరీక్ష అవసరమన్న వాదనకు ఊపునిచ్చాయి. 2013లో మొదటిసారి జరిగిన నీట్‌ను అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును తానే వెనక్కి తీసుకుంది. 2017లో తమిళనాడుకూ నీట్ తప్పలేదు. ఆ సెప్టెంబరులో, ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు తెచ్చుకున్న అరియలూరు జిల్లా దళిత కూలీ కుమార్తె వైద్య సీటు దక్కక ప్రాణం తీసుకుంది. 2020లో ఆ రాష్ట్రం నీట్ అర్హత పొందిన ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 7.5 శాతం సీట్లు ప్రత్యేకించింది. ఒక కొలమానం చేసిన నష్టాన్ని మరో కోటాతో పూడ్చే ప్రయత్నమిది.

ఒకే పరీక్షను సమర్థించేవారి వాదనలో బలముంది: డబ్బుకు సీటు అమ్ముకునే దారులను అది ఇరుకు చేసింది. అయితే 2024 ప్రశ్నపత్రం లీకేజీ ఆ నమ్మకాన్నే దెబ్బతీసింది. పైగా రెండేళ్ల కోచింగ్ కొనగలిగిన ఇంటికీ, కొనలేని ఇంటికీ మధ్య అంతరాన్ని ఏ ర్యాంకూ చూపదు. కమ్యూనల్ జీవో తన పక్షపాతాన్ని అంకెల్లో రాసి బహిరంగంగా పెట్టింది కనుకే దాన్ని కోర్టులో నిలదీయడం సాధ్యమైంది. ర్యాంకు వెనుక దాగిన పక్షపాతాన్ని నిలదీయడం అంత సులువు కాదు.