మురుగుబురదలో భారలోహాలు: మూసీ నుంచి కిన్నెరసాని దాకా

మురుగునీటిని శుద్ధి చేశాక అడుగున మిగిలే బురదలో సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం వంటి లోహాలు పేరుకుంటాయి. సూక్ష్మజీవులు మలినాన్ని తిని వాయువుగా మార్చగలవు గాని లోహాన్ని నాశనం చేయలేవు. గాలి తగలని ట్యాంకుల్లో పుట్టే సల్ఫైడు చాలా లోహాలను పట్టి బురదలో కూర్చోబెడుతుంది. నీరు ఎంత బాగా తేరితే బురదలో అంత లోహం చేరినట్టు. దాన్ని కంపోస్టు చేస్తే సేంద్రియ పదార్థం తరిగిపోతుంది, లోహం మిగిలిపోతుంది. కిలో పొడి బురదలో 4 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుంటే, బరువు సగానికి తగ్గాక అది 8 అవుతుంది. 2016 ఘన వ్యర్థాల నియమాలు కంపోస్టుకు పెట్టిన హద్దు 5. అంటే కుళ్లబెట్టక ముందు పాసయిన బురద ఎరువయ్యాక తప్పుతుంది.

బురదతో శుద్ధి చేసే పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ప్రకటించారు. 1926 నుంచి అమెరికాలోని మిల్వాకీ నగరం ఎండిన బురదను మిలోర్గనైట్ పేరుతో ఎరువుగా అమ్ముతోంది. లోహాల భయం చాలా ఆలస్యంగా వచ్చింది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గని నుంచి వచ్చిన కాడ్మియం వరి ద్వారా మనుషుల ఎముకలను గుల్ల చేసిందని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. పొలంలో వేసే బురదకు ఐరోపా 1986లో, అమెరికా 1993లో లోహ పరిమితులు పెట్టాయి. అమెరికా నియమం కిలోకు ఎంత అన్నదానితో ఆగకుండా, హెక్టారు నేలలో ఏళ్ల తరబడి మొత్తం ఎంత చేరవచ్చో కూడా చెప్పింది. మన 2016 కంపోస్టు ప్రమాణంలో లోటు అక్కడే.

తెలుగునేల మీద ఈ కథకు ముఖ్యఘట్టం పటాన్‌చెరు. అక్కడి పరిశ్రమల వ్యర్థజలం నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కణ్నుంచి గోదావరిలోకి పోయేది. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రం వచ్చింది. తర్వాత సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి ఆ నీటిని హైదరాబాద్ మురుగులో కలిపి, రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల అంబర్‌పేట కేంద్రానికి పంపారు. గోదావరి వైపు భారం మూసీ ద్వారా కృష్ణ వైపు మళ్లింది. ఇళ్ల మురుగులో కలిస్తే పలచబడుతుంది కదా అనేవారున్నారు. లీటరు లెక్కన నిజమే. కానీ మొత్తం లోహం గ్రాము కూడా తగ్గదు. ఎరువుగా పనికొచ్చే ఊరిబురదంతా అనుమానంలో పడుతుంది. ఈ బేరంలో లాభం ఎవరిదో వేరే చెప్పాలా?

ఖమ్మం, భద్రాచలం అడవుల అంచు గోదావరి, కృష్ణ రెండింటి పరీవాహకాలనూ తాకుతుంది. ఖమ్మం పక్కన పారే మున్నేరు కృష్ణలో కలుస్తుంది. పాల్వంచ దగ్గర పారే కిన్నెరసాని గోదావరిలో. ఇక్కడి లోహాల లెక్కలో సెప్టిక్ ట్యాంకుల కంటే ముందు చూడవలసింది 1966 నుంచి కరెంటు తీస్తున్న కొత్తగూడెం థర్మల్ కేంద్రం బూడిద. అది మురుగుబురద కాదు, కాని సూత్రం ఒకటే: బొగ్గు కాలిపోతుంది, అందులోని ఆర్సెనిక్, క్రోమియం, సీసం ఎక్కువగా బూడిదలో చిక్కబడతాయి. సారపాకలో 1979 నుంచి నడుస్తున్న కాగితపు మిల్లు సంగతి వేరు; కాగితపు మిల్లుల బురదలో ప్రధానంగా ఉండేది నార, సున్నం. పరిశ్రమ పేరు వినగానే అన్ని బురదలనూ ఒకే గాటన కట్టడం శాస్త్రం కాదు.

సేంద్రియాంశం తక్కువున్న చెలకలకు బురద కావాలి కదా అన్నది గట్టి వాదనే. ఫ్యాక్టరీ నీరు కలవని ఇళ్ల బురదను రోగక్రిములు చచ్చేలా శుద్ధి చేసి, లోహాలను పరీక్షించి వేస్తే అభ్యంతరం ఉండనక్కర్లేదు. నేల రకం మాత్రం చూడాలి: క్షారగుణమున్న నల్లరేగడి కాడ్మియాన్ని కొంత పట్టి ఉంచుతుంది, ఆమ్లగుణమున్న ఎర్రనేలలో అది మొక్కకు తేలిగ్గా అందుతుంది, ఆకుకూరల్లో మరీనూ. చిన్న పరిశ్రమలు ఖర్చు భరించలేవన్నది ఇంకో మాట. క్రోమియం పూతపని చేసే షెడ్డులో వాడిన నీటిలోని క్రోమియాన్ని ఆమ్లంలో బైసల్ఫైటుతో మార్చి, సున్నంతో పేరబెట్టడం పాత పద్ధతే. అక్కడ తేలే కొద్దిపాటి బురదను దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపవచ్చు. అదే లోహం నగరపు మురుగులో కలిశాక విడదీయాలంటే ఎన్నో టన్నుల బురదను శుద్ధి చేయాలి. ఆ ఖర్చు మునిసిపాలిటీ మీద పడుతుంది.