సంధికర్త బాధ్యత: నవాబ్ అలీ యావర్ జంగ్

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒడంబడిక వ్రాస్తున్నప్పుడు 'అల్లాహ్ ప్రవక్త' అన్న మాటకు ఖురైషుల ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్ అభ్యంతరం చెప్పాడు. దైవప్రవక్త (స) ఆ మాటను తుడిపివేయించారు. సహాబాలలో పలువురు బాధపడ్డారు. కాని దివ్య ఖుర్‌ఆన్ ఆ సంధినే స్పష్టమైన విజయంగా పేర్కొన్నది. సంధి విలువ కుదిరిన రోజుననే అందరికీ కనిపించదు. ఈ పాఠాన్ని మన కాలంలో గుర్తుచేసేది హైదరాబాదుకు చెందిన నవాబ్ అలీ యావర్ జంగ్ జీవితం.

ఉస్మానియాలో చరిత్ర బోధించిన ఆయన తరువాత నిజాం ప్రభుత్వంలో రాజ్యాంగ వ్యవహారాలు చూశారు. 1947లో యథాతథ ఒప్పందం గురించి ఢిల్లీతో చర్చించిన ప్రతినిధివర్గంలో ఛతారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్‌లతోపాటు ఆయనా ఉన్నారు. ముసాయిదా సిద్ధమైంది. అక్టోబరు 27 తెల్లవారుజామున ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనుయాయులు ప్రతినిధుల నివాసాలను చుట్టుముట్టారు. ఢిల్లీ ప్రయాణం ఆగిపోయింది, ప్రతినిధివర్గం తప్పుకున్నది. నవంబరు 29న, వేరొక ప్రతినిధివర్గం చర్చించిన పిమ్మట, ఒప్పందం కుదిరింది. దాని షరతులలో చెప్పుకోదగిన మార్పేదీ లేదు. ఆ నెల రోజులలో పెరిగింది అవిశ్వాసమే. 1948 సెప్టెంబరు సైనిక చర్య వెంట చెలరేగిన హింసలో మూల్యం చెల్లించినవారు ఈ చర్చలతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లింలు.

స్వతంత్ర భారతం ఆయన నేర్పును వినియోగించుకున్నది. 1952లో అర్జెంటీనాకు, 1954లో ఈజిప్టుకు రాయబారిగా పంపింది. 1956లో సూయజ్ కాలువ జాతీయీకరణ, ఆపై జరిగిన దండయాత్ర కాలంలో కైరోలో భారతదేశం గొంతు ఆయనే. పిదప యుగోస్లావియా, ఫ్రాన్సులలో పనిచేశారు.

1965లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. అక్కడి విద్యార్థులకే కేటాయించిన ప్రవేశాల వాటాను 75 నుండి 50 శాతానికి తగ్గించడం వివాదమైంది. విశ్వవిద్యాలయపు ముస్లిం స్వభావం గురించిన ఆందోళన నిరాధారం కాదు. నిర్ణయాన్ని విమర్శించే హక్కూ ఉన్నది. కాని ఏప్రిల్ 25న ఆయనను కొట్టి తీవ్రంగా గాయపరిచారు. మే 20న వెలువడిన ఆర్డినెన్సు విశ్వవిద్యాలయ కోర్టు అధికారాలను హరించింది. కాపాడదలచినదే చేజారింది. కోలుకొని ఆయన 1968 వరకు ఆ పదవిలో కొనసాగారు.

ఆపై అమెరికాలో రాయబారిగా, 1971 నుండి మహారాష్ట్ర గవర్నరుగా ఉండి, 1976 డిసెంబరులో పదవిలోనే మరణించారు.

ఆయన నిర్ణయాలన్నీ సరైనవేనని చెప్పనక్కరలేదు. అయితే మన పక్షాన మాట్లాడేందుకు వెళ్ళినవాడిని మనమే అడ్డుకున్న రెండు సందర్భాలలోనూ నష్టపోయింది ఆయనకన్నా సమాజమే. సహాబాలు బాధపడ్డారు, కాని ఒడంబడికను చింపివేయలేదు.