కొల్లేటి దోనె

కొల్లేటి చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఐహోళె శాసనంతో మొదలుపెడతారు. 634లో రవికీర్తి కూర్చిన ఆ ప్రశస్తి చాళుక్య పులకేశి గెలుపులను యేకరువు పెడుతూ, చచ్చిన సైనికుల నెత్తుటితో కునాళ జలం రంగు మారిందంటుంది. ఆ కునాళమే కొల్లేరని పండితులు నిర్ణయించారు. సబబైన నిర్ణయమే కావచ్చు. కాని ఆ నెత్తుటి నీటి మీద మర్నాడు యెవడో వొకడు కడుపుకోసం చేపల వేటకు వెళ్లే వుంటాడు. వాడిని గురించి శాసనం లేదు. శాసనం వేయించే స్తోమత వాడికి లేదు గనుక వాడి దోనెనే నేను ఆధారంగా తీసుకుంటున్నాను.

బుడమేరు, తమ్మిలేరు మొదలైన యేళ్లు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలోకి వచ్చిపడతాయి. నీరు బయటకు పోవడానికి వున్న దారి ఉప్పుటేరు వొక్కటే. వరదలో పదడుగుల కాంటూరు దాకా పొంగితే సరస్సు సుమారు 900 చదరపు కిలోమీటర్లు; వేసవిలో కుంచించుకుపోయి, మోకాటి లోతు నీరూ గడ్డీ మిగులుతాయి. అటువంటి నీటికి పెద్ద పడవ పనికిరాదు. ముదురు తాటిచెట్టు మొదలు కావాలి. తాటిమానుకు పైన చేవ, లోపల బెండు. నిలువునా చీల్చి బెండు తొలిచివేస్తే దోనె అవుతుంది. వేరుమొదలు దగ్గర బుర్రలా వుబ్బిన భాగం వొక కొసను దానంతటదే మూస్తుంది. తెరిచివున్న రెండో కొసను బంకమట్టితో పూడుస్తారు. మేకు లేదు, అతుకు లేదు, షావుకారు దగ్గర కొనవలసిన సరుకు లేదు. యీ సంగతి ముఖ్యమైనది. ఉత్పత్తి సాధనం పూర్తిగా పనిచేసేవాడి చేతిలో వుండిన అరుదైన వృత్తులలో యిదొకటి.

వొంటి దోనె తూగుతుంది. (నేను యెక్కిన రెండు నిమిషాలకే సగం కొల్లేరు దానిలోకి వచ్చింది.) అందుకే బరువుకూ దూరానికీ రెండు దోనెలను జోడించి కడతారు. ఆ జోడును సంగడి అన్నారు. స్నేహితుడిని సంగడీడు అనే మాట మన కావ్యభాషలో వుంది. జంటకట్టిన యీ మానులకూ ఆ మాటకూ చుట్టరికం లేకపోలేదు. మొదటి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం ‘పెరిప్లస్’ యీ తీరాన దుంగలను జోడించి కట్టిన నావలను ‘సంగర’ అంటుంది. అది మన సంగడే అని వాదించినవారున్నారు.

వేట విధానం చెప్పాలి. సాయంత్రం గడ వేసుకుంటూ వెళ్లి నాచుల నడుమ మావులు పెట్టి, తెల్లవారుజామున యెత్తుతారు. యిద్దరుంటే వొకడు గడ వేస్తాడు, రెండోవాడు వల విసురుతాడు. లోతు తక్కువైన చోట దిగి ఊతతో మూస్తారు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప. నీటి మీద ఆ కదలికను కనిపెట్టడం పుస్తకంలో దొరకని చదువు. కొర్రమీనూ, మార్పూ, ఇంగిలాయీ దోనె అడుగున వూరే కాసిని నీళ్లలో ప్రాణంతోనే ఒడ్డు చేరతాయి.

యీ పని తరతరాలుగా చేసినవారు ముఖ్యంగా వడ్డీలు. తమ పూర్వులు ఒడ్ర గజపతుల సైన్యంతో వచ్చినవారని వారిలో వాడుక. ఉప్పుటేరు తవ్వకానికి వొక రాచకన్య బలి అయిందనే కథ వుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కులూ వున్నాయి. నీటి మీది హక్కును కాగితంలో దాచుకోలేనివారు కథలో దాచుకున్నారని నా వుద్దేశం. “యీ నీళ్లు యెవరివి తాతా?” అని నా దోనె నడిపిన ముసలాయనను అడిగాను. “వరదలో అందరివీ బాబూ, వేసవిలో కాగితం వున్నవాడివి” అన్నాడు.

ఆ కాగితం చరిత్ర కొత్తది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టా పండింది, దాని మురుగు కొల్లేటికి దిగింది. నీరు తగ్గినచోటల్లా సరస్సు అడుగు వరిచేనుగా కనిపించడం మొదలైంది. ప్రభుత్వం దృష్టిలో భూమికి శిస్తు వుంది, దోనె తిరిగే నీటికి లేదు. 1970ల నడుమ మత్స్యకార సహకార సంఘాలకు గట్లు వేసి చేపల చెరువులు యిచ్చారు. వుద్దేశం మంచిదే. కాని గట్టుకూ, పిల్లకూ, మేతకూ పెట్టుబడి కావాలి. తాటిమాను తప్ప పెట్టుబడి యెరగనివాడు చెరువును లీజుకిచ్చి దానిమీదనే కూలికి కుదిరాడు. సంఘం పేరు మిగిలింది, చెరువు పోయింది.

ఐదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు తెగగొట్టారు. సరస్సుకు అది అవసరమే. దానిని వ్యతిరేకించిన పెత్తందార్ల కన్నీటిని నేను నమ్మను. కాని ఆ యంత్రాల కింద సంఘాల చెరువులు కూడా పోయాయి. గట్టు తీసేశారు గాని, పాత కొల్లేరును తిరిగి యివ్వలేదు. తెరిచిన నీటిని గుర్రపుడెక్క కప్పేసింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ కలుపులో గడ దిగదు, దోనె సాగదు.

నీటిలో విషం కలిపి చేపలను చంపడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారం నేరం. బొచ్చె, శీలావతి పెంచే సొంత చెరువులోనైతే, పిల్లలను వదలడానికి ముందు ఇప్పచెక్క వేసి, వాటిని తినే చేపలను చంపేయడం శాస్త్రీయపద్ధతి. అలా చచ్చేవాటిలో మొదటిది కొర్రమీను. ఆ చెరువులలో చిన్నపడవ యిప్పటికీ తిరుగుతుంది. అందులో వల వుండదు, మావు వుండదు, తవుడు బస్తాలుంటాయి. అడుగున చిల్లులు పెట్టిన సంచులను తవుడుతో నింపి, నీటిలో పాతిన గుంజలకు వరుసగా కట్టుకుంటూ వొక మనిషి గడ వేసుకుపోతాడు. చేపలు వాడి చుట్టూ మూగుతాయి. అవి వాడివి కావు.