తూర్పు తైమూరు ఓటు

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎలక్షన్ డ్యూటీ అంటే విసుక్కున్నవాణ్ణి. తూర్పు తైమూరు చరిత్ర చదివాక బ్యాలెట్ పెట్టె విలువ తెలిసింది.

1975లో ఇండోనేషియా సైన్యం ఆ చిన్న దేశాన్ని ఆక్రమించింది. 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్యసమితి అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. బెదిరింపులకు వెరవక నూటికి 98 మంది ఓటు వేశారు, 78.5 శాతం స్వాతంత్ర్యమే కోరారు. ఆ కక్షతో, సైన్యం అండ ఉన్న ముఠాలు ఊళ్లకు ఊళ్లు తగులబెట్టాయి. సెప్టెంబరు 20న ఆస్ట్రేలియా నాయకత్వాన పలు దేశాల సేనలు దిగాయి. పిమ్మట సమితి తాత్కాలిక పాలన నడిపి, 2001లో రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిపించి, 2002 మే 20న అధికారం స్థానికులకు అప్పగించింది.

మిత్రులారా, కాపలా, కాగితం, పెట్టె బయటివారు తేగలిగారు. ప్రాణాలకు తెగించి బారులు తీరినవారు మాత్రం అక్కడి ప్రజలే. ఇకమీదట పోలింగు నాడు మోకాళ్ల నొప్పులని ఇంట్లో కూర్చోను.