సుస్థిర ప్రభుత్వాలు, అస్థిర నిర్ణయాలు: అమరావతి ప్రాంత ఆర్థిక స్థితిపై ఒక పరిశీలన

రాజకీయ అస్థిరతను ప్రభుత్వాల పతనంతోనూ మధ్యంతర ఎన్నికలతోనూ కొలిచే పద్ధతి స్థిరపడి ఉన్నప్పటికీ, అమరావతి అనుభవం ఆ కొలతకు అందదు. 2014 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఏ ప్రభుత్వమూ నడిమధ్యలో కూలలేదు. 175 శాసనసభ స్థానాలలో 2019లో గెలిచిన పక్షానికి 151, 2024లో గెలిచిన కూటమికి 164 దక్కాయి. అయినా రాష్ట్ర రాజధానిగా ఎంచుకున్న అమరావతి నిర్మాణం దాదాపు ఐదేళ్లపాటు చాలావరకు ఆగిపోయింది. ఒక ప్రభుత్వం చేసిన దీర్ఘకాలిక నిర్ణయాన్ని తరువాతి ప్రభుత్వం రద్దు చేయగలదన్న భయం రైతు లెక్కలోనూ పెట్టుబడిదారు లెక్కలోనూ చేరిపోయే ఈ స్థితిని విధాన అస్థిరత అనవచ్చు.

2015లో మొదలైన భూసమీకరణ ద్వారా, అంటే భూమిని ధర చెల్లించి కొనకుండా అభివృద్ధి చేసిన స్థలంలో వాటా ఇస్తామన్న ఒప్పందం మీద, ప్రభుత్వం 33,000 ఎకరాలకు పైగా తీసుకుంది. ఎకరా మెట్టకు 1,000 చదరపు గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. కృష్ణా నది ఒడ్డున తక్కువ లోతులోనే నీరు దొరికి, ఏడాది పొడవునా పండే జరీబు భూమికి వాణిజ్య వాటాను 450 గజాలు చేశారు. వీటికి తోడు ఏటా 10 శాతం పెరుగుతూ పదేళ్లు అందే కౌలు ఎకరా మెట్టకు 30,000, జరీబుకు 50,000 రూపాయలతో మొదలైంది. దీనితో పంటనిచ్చే నేల పోయి, రాజధాని కడితేనే విలువ వచ్చే హామీ రైతు చేతిలో మిగిలింది.

ప్రభుత్వం మారాక, 2019 జులైలో రాజధానికి ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్ల రుణ ప్రతిపాదన ఆగిపోయింది. నవంబరులో రాజధాని అభివృద్ధికి సింగపూర్ సంస్థల కూటమితో చేసుకున్న ఒప్పందం ముగిసింది. డిసెంబరులో, రాజధాని విధులను మూడు నగరాలకు పంచే మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చి, 2020లో చట్టమై, 2021 నవంబరులో రద్దయింది. సంపద అంతా హైదరాబాదులో పోగుపడడం వల్ల 2014 రాష్ట్ర విభజనలో కలిగిన నష్టాన్ని తలచుకుంటే వికేంద్రీకరణ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. అయితే భూమి ఇచ్చేసిన తరువాత ఆ వాదం చేయడం వల్ల దాని మూల్యం ఒకే ప్రాంతం మీద పడింది. రైతులకు ఇవ్వవలసిన స్థలాలను మూడు నెలల్లో అభివృద్ధి చేసి అప్పగించాలని 2022 మార్చిలో హైకోర్టు ఆదేశించినా, ఆ గడువులపై సుప్రీంకోర్టు నవంబరులో స్టే ఇచ్చింది.

పెట్టుబడి తిరిగి రాగలదు. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకే 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. సాగు పోయిన చోట కూలీలు కోల్పోయిన పనిదినాలు మాత్రం అలా తిరిగి రావు. భూమిలేని కుటుంబానికి ఒప్పందకాలంలో నిర్ణయించిన పింఛను నెలకు 2,500 రూపాయలు. కౌలు రైతుకు, భూమి సొంతం కానందువల్ల, స్థలంలో వాటా రాలేదు. ఇకమీదట ఏ భూసమీకరణ చట్టమైనా, నిర్మాణం ఆగిన కాలానికి చెల్లించవలసిన పరిహారాన్ని ముందే నిర్ణయించి, అందులో ఈ రెండు వర్గాలనూ హక్కుదారులుగా చేర్చాలి.